ఆరున్నొకటో డిమాండు

నేను దడ్వాయిని. రైతు యార్డుకు తెచ్చిన సరుకును కాంటా పెట్టి, చీటీ మీద బరువు రాసిచ్చే మనిషిని మా వైపు అలా అంటారు. ముప్పై ఏళ్లకు పైగా బస్తాలు తూచాను. మాటను తూచడం మాత్రం రాలేదు, ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టుపక్కల ఉన్న యార్డుల్లో మాది ఏదన్నది మాత్రం చెప్పను. చెబితే ఒక చోట కోపం వస్తుంది, చెప్పకపోతే మూడు చోట్లా అనుమానం వస్తుంది. అనుమానం మీద ఎవరూ నాకు చాయ్ పోయడం మానెయ్యరు.

మా హమాలీ సంఘానికి యార్డు గోడను ఆనుకుని ఒక గది ఉంది. దడ్వాయిలం పట్టుమని పదిమందిమి లేము కాబట్టి మమ్మల్నీ అందులోనే కలుపుకున్నారు. ఆ గదిలో ఒక ఇనుప బీరువా. అందులో రంగు వెలిసిన జెండాలు, పాత కరపత్రాలు, ముప్పై దాకా పల్చటి పుస్తకాలు. ఏ దేశంలో ఏ కార్మికులు ఎలా కొట్లాడారో, ఎలా గెలిచారో చెప్పే చరిత్ర పుస్తకాలు. కార్మికులు చదివి ఉత్తేజం పొందాలని ఎవరో ఎప్పుడో కొని పెట్టారు. నాకు తెలిసి వాటిలోంచి ఉత్తేజం పొందినవి చెదపురుగులే. అవి అట్టల దగ్గర మొదలుపెట్టి నిష్ఠగా లోపలికి వెళ్లాయి.

సంఘం అధ్యక్షుడు నాకన్నా పదేళ్లు పెద్ద హమాలీ. అందరం పెద్దన్న అంటాం. ఒక రోజు బీరువా తెరిచి చెదలు దులుపుతూ, నువ్వు ఇంటర్ దాకా చదివినోడివి గదా, ఇవి జర మాకు చదివి చెప్పరాదా అన్నాడు. ఇంటర్ దాకా చదివాను గాని ఇంటర్ చదవలేదని సరిదిద్దడానికి సిగ్గేసింది. అలా నేను పంతులునయ్యాను. సంఘంలో ఏ పదవికీ పోటీ చెయ్యని నాకు ఎన్నిక లేకుండా వచ్చిన ఒకే ఒక పదవి అది.

చదవడానికి మాకు దొరికే సమయం వేలానికీ కాంటాకూ మధ్య. మాది పల్లీల యార్డు. రైతులు పొద్దున్నే రాశులు పోస్తారు. వ్యాపారులు వచ్చి ధర పాడతారు. ఈ మధ్య ఆ పాట కూడా ఫోన్లలోకి పోయి మూగదైంది. ధర తేలాక, పల్లీల్లోని మట్టిగడ్డలు, రాళ్లు, పొల్లు తీసి శుభ్రం చెయ్యాలి. అది ఆడవాళ్ల పని. ఒక్కో రాశి దగ్గర నలుగురు కూర్చుని చాటలతో చెరుగుతారు. వాళ్లు చెరగడం అయితేగాని హమాలీలకు నింపే పని లేదు, హమాలీలు నింపితేగాని నాకు తూచే పని లేదు. అంటే మా తీరిక వాళ్ల పని. ఆ గంట, గంటన్నర షెడ్డు నీడలో హమాలీలు బస్తాలకు ఒరిగితే నేను చదివేవాణ్ని.

మొదటి రోజే బోర్లా పడ్డాను. “శ్రామిక వర్గం సంఘటితమైంది” అని గొంతు పెంచి చదివితే, ఇటిక్యాల వైపు నుంచి వచ్చే ఒక హమాలీ చెయ్యెత్తాడు. వాళ్ల ఊళ్లో రెండు వర్గాలున్నాయట, ఈ మూడో వర్గం ఎవరిదని అడిగాడు. “పెట్టుబడిదారుడు” అన్న చోట ఇంకా పెద్ద చిక్కొచ్చింది. పెట్టుబడి అంటే విత్తనాలకూ మందు బస్తాలకూ రైతు వెతుక్కునేది. అది చేతిలో ఉన్నవాడి మీద అసూయ పడొచ్చు గాని యుద్ధం ఎందుకని వాళ్ల ఉద్దేశం. దాంతో పెట్టుబడిదారుణ్ని సేటును చేశాను, వర్గాన్ని మనోళ్లను చేశాను. పుస్తకం రాసినాయన ఒప్పుకునేవాడో కాదో. ఆయన పేరు అట్టతో పాటే చెదలు తినేశాయి కాబట్టి అడిగే దారీ లేదు.

ఎనిమిది గంటల పని కోసం జనం ప్రాణాలిచ్చిన కథ చదివిన రోజు ఎవరికీ కన్ను చెమ్మగిల్లలేదు. పెద్దన్న, “మనకు గంటలేంది రా, మన గడియారం లారీ డ్రైవర్ తాన ఉంటది” అన్నాడు. లారీ వస్తే పని, రాకపోతే గోడకు ఒరగడం. అది నిజం. నేను సర్దుకుని, మన భాషలో కూలి అంటే పనికి వచ్చేది, కూలి అంటే పడిపోయి అని కూడా, ఒక్క మాటలో మన బతుకంతా ఉంది చూడండి అన్నాను. అందరూ నవ్వారు. నడుము పట్టేసి బస్తా మీంచి లేవలేకపోతున్న ఒకాయన మాత్రం నవ్వలేదు.

అయినా ఆ మధ్యాహ్నాలు ఊరికే పోలేదు. అది నా గొప్ప అనుకోకండి, నా చదువు నిద్రకు బాగుంటుందని మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. కాని ఎక్కడో ఓడరేవులో బస్తాలు మోసేవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి గేటు ముందు నిలబడ్డారని చదివినప్పుడు, మా వాళ్లు కాసేపు ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. వీపనగండ్ల నుంచి వచ్చే ఒకాయన మర్నాడు ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చి, ఆ బస్తాల కథ మళ్లీ చదవమన్నాడు. బస్తాలు మోసే మనుషులు పుస్తకంలో ఉంటారని వాళ్లకు అప్పటిదాకా తెలియదు. నాకూ తెలియదు.

ఆడవాళ్లలో ఒకామె రోజూ షెడ్డుకు దగ్గరి రాశినే ఎంచుకునేది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. భర్త లేడు. ఇద్దరు కూతుళ్లకు పెళ్లిళ్లయిపోయాయి. ఇరవై ఏళ్లుగా అదే యార్డు. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. కొత్త చాటకు కాగితం నానబెట్టి, మెంతి పిండి కలిపి అలుకుతారు కదా, ఆమె తన చాటను మా సంఘం కరపత్రాలతో అలికింది. ఎండబెట్టిన చాట మీద ఒక మూల “కార్మికులారా” అన్న అక్షరాలు తలకిందులుగా కనబడేవి. అడిగితే, మీ సంగం కాయితం మంచిగ గట్టిగున్నది అంది. మా కరపత్రాలకు దక్కిన ప్రశంసల్లో అదే గొప్పది.

ఆమె చెరుగుతూనే వినేది. ఒక రోజు సమ్మె కథ అయిపోయాక చాట ఆపి, “గా కథల ఆడోళ్లు ఏం జేసిండ్రన్నా?” అని అడిగింది. నేను పేజీలు తిప్పాను. వెతగ్గా వెతగ్గా ఒక వాక్యం దొరికింది. “ఈ పోరాటంలో మహిళలు కూడా పాల్గొన్నారు.”

“పాల్గొన్నరంటే?”

“అంటే వచ్చిండ్రు చెల్లె.”

“వచ్చి?”

“వచ్చి... పాల్గొన్నరు.”

పక్క రాశి ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆమె నవ్వలేదు. రేపు మన యార్డు సంగతి ఎవరన్నా రాస్తే మేమూ ఆ ఒక్క మాట కిందనే పోతాం కదా అంది. తర్వాత మళ్లీ చాట పట్టుకుంది. నాకు అప్పుడు తోచింది, చాటలు పట్టుకున్నవాళ్లు ఎప్పుడూ చాటునే ఉండిపోయారని. ఇలాంటి మాటలు నాకు సులభంగా తోస్తాయి. తోచాక ఏం చెయ్యాలో తోచదు.

ఆ మరుసటేడు శుభ్రం చేసే యంత్రం వస్తోందన్న మాట యార్డులో పాకింది. ఒక పక్క పల్లీలు పోస్తే రెండో పక్కన రాళ్లు వేరు, పొల్లు వేరు, పల్లీలు వేరు. హమాలీలకు అది పెద్ద భయం కాదు, యంత్రంలో పొయ్యడానికైనా మనిషి కావాలి. భయం ఆడవాళ్లది. హమాలీకీ, దడ్వాయికీ లైసెన్సు ఉంటుంది, మెడలో బిళ్ల ఉంటుంది. పని పోతే యార్డులోనే ఇంకో పని చూపించమని అడిగే హక్కు ఉంటుంది. ఆడవాళ్లకు అవేవీ లేవు. ఇరవై ఏళ్లు చెరిగినా వాళ్లు యార్డులో ఉన్నట్టు ఒక్క కాగితం మీదా లేదు. యంత్రం వస్తే వాళ్లను తీసెయ్యాల్సిన పని కూడా లేదు. ఉన్నారని రాస్తే కదా తీసెయ్యడానికి.

సీజన్ మొదట్లో డిమాండ్ల పత్రం రాయడానికి కూర్చున్నాం. హమాలీ రేటు, బీమా, బట్టలు, మా దడ్వాయిల గోడు, ఇలా ఆరు అయ్యాయి. ఆరోది వసతుల గురించి. తాగునీళ్లు, మరుగుదొడ్లు, ఎండకు రేకుల షెడ్డు. అప్పుడు ఆమె గది గుమ్మం దగ్గరికి వచ్చింది. సంఘం గదిలోకి ఆడవాళ్లు రావడం మాకు కొత్త. వద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. ఆమె గుమ్మం అవతలే నిలబడి చెప్పింది.

“పెద్దన్నా, చాట పట్టెటోళ్లకు లైసెన్స్ ఇయ్యాలని రాయుండ్రి. మాకొక నంబర్ పెట్టి రాయుండ్రి. మీ నంబర్ల ఇరికిచ్చకుండ్రి.”

ఆమె నన్ను చూడలేదు గాని, ఆ నంబరు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. పుస్తకంలో ఆ ఒక్క వాక్యం నుంచి వచ్చింది. చరిత్రలో “కూడా” అయిపోకూడదని ఆమె పట్టుదల. కొందరు సణిగారు. పెద్దన్న కాసేపు గడ్డం గీరుకుని, న్యాయమే, ఏడోది రాయమన్నాడు. రాశాను. అన్ని పుస్తకాలు చదివి చదివి నేను చేసిన ఒకే ఒక చరిత్ర ఆ లైను రాయడం. దాన్నీ నేనే చెరిపాను. ఎలాగో చెబుతాను.

కొలిచేవాళ్లకూ, తూచేవాళ్లకూ ఒక లెక్క ఉంటుంది. ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు, నాలుగు. ఆరు తర్వాత ఏడు అనం. ఏడు అంటే ఏడవమన్నట్టే కదా, రైతు రాశి ముందు ఆ మాట నోట రానీయకూడదని పాతవాళ్లు నేర్పారు. ఆరున్నొకటి అంటాం. ఆరున్నొక్క రాగం అంటే ఏడుపు రాగమని లోకమంతా ఎరిగిందే, మేమేమో ఏడుపు తప్పించుకోవడానికి ఆరున్నొకటి అంటాం. ముప్పై ఏళ్లు ఇలా లెక్కపెట్టిన నోరు ఇంట్లో కూడా మాట వినదు. మా మనవరాలి పుట్టినరోజు నాడు ఎన్నేళ్లని ఎవరో అడిగితే ఆరున్నొకటి అన్నాను. ఆ పిల్ల నా మీద అలిగింది.

డిమాండ్ల పత్రం అచ్చు కొట్టించడానికి బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపుకు నేనే వెళ్లాను. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది కాబట్టి టైపు చేసేది నా వయసు మనిషే అయినా చదవలేకపోయాడు. నువ్వు చదువు, నేను కొడతా అన్నాడు. నాకు కావలసిందీ అదే, చదవడం నా పదవి. గొంతు సవరించుకుని, “లాభం” అన్నాను. ఆయన “లాభం” అని కొట్టేశాడు. ఎవరికి లాభమో రాయలేదేంది అని అడిగాడు. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం, చెరిపి ఒకటి వేయించాను. ఆ నవ్వులోనే మిగతావి గబగబా చదివేశాను. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. తర్వాత నా నోరు తన అలవాటు ప్రకారం, “ఆరున్నొకటి, చాట కూలీ మహిళలకు లైసెన్సులు మంజూరు చేయాలి” అంది. ఆయన విన్నది విన్నట్టు కొట్టాడు. ఆరు వేసి, దాని పక్కన బ్రాకెట్లో ఒకటి వేసి, వసతుల కింద కాస్త లోపలికి జరిపి కొట్టాడు.

సరిచూడలేదా అని మీరు అడుగుతారు. చూశాను. తెర మీద ఒకసారి, కాగితం మీద రెండుసార్లు. ఆ లైను దగ్గరికి వచ్చినప్పుడల్లా నా కళ్లు ఆరు, ఒకటి చూశాయి, నా నోరు ఆరున్నొకటి అంది, నా బుర్ర ఏడు అని తలూపింది. ముగ్గురమూ ఏకగ్రీవంగా తప్పు చేశాం. పెద్దన్నకు సంతకం పెట్టడం వచ్చు గాని చదవడం రాదు. నేను చదివి వినిపిస్తే విని సంతకం పెట్టాడు. చెవికి అన్నీ సరిగానే ఉన్నాయి.

సీజన్ మధ్యలో మూడు రోజులు పని ఆపాం. ఆడవాళ్లు కూడా ఆపారు. మొదటి రోజు మేము గేటు లోపల నీడలో కూర్చుంటే, వాళ్లు గేటు బయట ఎండలో కూర్చున్నారు. ఎందుకలా అంటే, లైసెన్సు లేనివాళ్లను సమ్మె రోజు లోపలికి రానివ్వలేదు. మధ్యాహ్నానికి హమాలీలు కూడా లేచి బయటికి వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు, ఎవరో ఒకడు లేచాడు, వెనక అందరూ లేచారు. నేను పుస్తకం పట్టుకుని ఎండలో చదివాను. మూడు రోజుల్లో నా గొంతు పోయింది. ఆమె సొరకాయ బుర్రలో తెచ్చుకున్న చల్ల నా చేతిలో పెట్టి, ఇయ్యాల ఆపి రేపు సదువన్నా, కథ యాడికి పోదు అంది. నా జీవితంలో బాగున్న రోజులు చాలా తక్కువ. అవి మూడూ అందులో ఉన్నాయి.

మూడో రోజు సాయంత్రం మార్కెట్ ఆఫీసు నుంచి చర్చలకు పిలిచారు. పెద్దన్న, ఇంకో ఇద్దరు వెళ్లారు. గొంతు లేనివాడు చర్చలకెందుకని నన్ను ఆపేశారు. ఒప్పందం కుదిరిందన్నారు. మర్నాడు వేలం తర్వాత అందరూ షెడ్డు కింద చేరారు. ఒప్పందాన్ని చదవమని నాకే ఇచ్చారు. సర్కారు భాషను మా భాషలోకి మారుస్తూ, బొంగురు గొంతుతో ఒక్కొక్కటి చదివాను. రేటు పెంచారు. బీమా ఒప్పుకున్నారు. ఒక్కోదానికి చప్పట్లు. ఆరో అంశం దగ్గరికి వచ్చాను. “క్రమసంఖ్య ఆరు, ఉపాంశంతో సహా, నిధుల లభ్యతను బట్టి దశలవారీగా పరిశీలించబడును.” దాని కింద సంతకాలు.

కాగితం తిప్పి చూశాను. వెనక ఖాళీ.

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటోంది. ఆరో వేలు దగ్గర ఆగింది.

“అన్నా, మాది రాలే.”

మొదటినుంచి మళ్లీ చదివాను. మూడోసారి చదవబోతే పెద్దన్న నా చెయ్యి పట్టుకున్నాడు. సంఘం గదికి వెళ్లి మా డిమాండ్ల పత్రం తెచ్చి చూశాను. అక్కడ, నీళ్లు, మరుగుదొడ్లు, రేకుల కింద, ఇరవై మంది ఆడవాళ్ల బతుకు ఆరు బ్రాకెట్లో ఒకటై కూర్చుని ఉంది. దాన్ని అచ్చుతప్పు అన్నారు అందరూ. అచ్చుతప్పు కాదు, అచ్చంగా నా తప్పు. అక్కడికక్కడే చెప్పాను. లాభం, ఆరున్నొకటి, జిరాక్స్ షాపు, నవ్వు, అన్నీ చెప్పాను. నేను ఏది చెప్పినా నవ్వే అలవాటున్నవాళ్లు ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మీ నంబర్ల ఇరికిచ్చద్దంటిమి గద అన్నా అని మాత్రం అంది, అదీ నెమ్మదిగా, నాకు పాఠం అప్పజెప్పినట్టు.

సవరణ కోరుతూ దరఖాస్తు రాశాను. ఈసారి అంకెలు నేనే చేత్తో వేశాను. సవరణ అంటే సవరమా అని ఆడవాళ్లు అడిగారు, ఉన్న జుట్టుకు అతికేదేనా అని. దాదాపు అంతే అన్నాను. మరి కాగితం మీద మా జుట్టు ఉంటేగదా అతకడానికి అని వాళ్లలో వాళ్లే అనుకున్నారు. ఆఫీసులో అధికారి మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు. నా దరఖాస్తు చదివి, ఒప్పందం తీసి, వేలు పెట్టి చూపించాడు. మహిళల సంగతి ఇందులో ఉంది గదండీ, వసతుల కింద, ఉపాంశం. ఉభయులూ సంతకం చేశారు, గడువు మూడేళ్లు, అప్పుడు చూద్దాం అన్నాడు. వసతి కాదు సార్, బతుకు అన్నాను. మీరే అలా రాసుకొచ్చారు అన్నాడు. నిజమే. ఆడవాళ్ల లైసెన్సును తీసుకెళ్లి నీళ్ల కింద రాసినవాణ్ని నేను. అది నీళ్లలో కలవక ఏమవుతుంది.

ఇక మిగిలింది సంఘం. ఆమె అడిగితే పెద్దన్న సమావేశం పెట్టాడు. ఈసారి ఆడవాళ్లు గది లోపలికే వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. ఆమె పెద్దగా మాట్లాడలేదు.

“మూడు దినాలు మీ తోటి కూసున్నం. మా కోసం ఒక్క పూట కూసుండుండ్రి. గంతే.”

ఎవరూ లేదనలేదు. అవుననలేదు కూడా. ఒకాయన, సీజన్ పోతుందక్కా అన్నాడు. ఇంకొకాయన, ఒప్పందం మీద సంతకం చేసి మళ్లీ పని ఆపితే మాకిచ్చింది కూడా గుంజుకుంటారేమో అన్నాడు. సమ్మె నాడు ఎండలోకి మొదట లేచి వెళ్లినవాడు కూడా అక్కడే ఉన్నాడు. ఫోన్ చూసుకుంటూ తల ఎత్తలేదు. చివరికి పెద్దన్న నోరు తెరిచాడు.

“అచ్చు తప్పు పడ్డది బిడ్డా. గిప్పుడు ఎవలేం జేస్తరు.”

అందరూ తలలూపారు. గదిలో ఊపిరి తేలికైంది. నా తప్పు ఎంత పనికొచ్చిందో అప్పుడు నాకు అర్థమైంది. అది లేకపోతే వాళ్లు ఆమె ముఖం మీద కాదని చెప్పాల్సి వచ్చేది. చర్చలకు వెళ్లిన ముగ్గురికీ ఏడో డిమాండు ఉందని తెలుసు. కాగితం మీద నంబరు లేకపోయినా నోటితో అడగొచ్చు. అడగలేదు. ఎందుకు అడగలేదని నేను అడగాలి, నేనూ అడగలేదు. తప్పు చేసినవాడికి అడిగే మొహం ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. అంత సౌకర్యమైన సిగ్గు నాకు ఇంకెప్పుడూ కలగలేదు. ఒక్కణ్నే కాంటా ఆపి కూర్చోవచ్చు కదా అని ఆ రాత్రంతా అనుకుని, తెల్లారి వెళ్లి కాంటా దగ్గర నిలబడ్డాను. బస్తాలు వచ్చాయి, తూచాను. ఇన్ని పోరాటాల కథలు బిగ్గరగా చదివినవాణ్ని, ఒక్క పూట మౌనంగా కూర్చోలేకపోయాను.

యంత్రం మాఘమాసంలో వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, పసుపు కుంకుమ పెట్టారు. ఆడవాళ్లు చాటలు చంకన పెట్టుకుని చూడటానికి వచ్చారు. అరగంటలో ఒక రాశి శుభ్రమైంది. వాళ్లు నలుగురూ కూర్చుంటే గంటన్నర పట్టే పని. ఆమె యంత్రం నోట్లోంచి వచ్చిన పల్లీలు దోసిట్లోకి తీసుకుని చూసింది. రెండు రాళ్లు ఏరి పక్కన పారేసింది. అవి చూసినవాళ్లు ఎవరూ లేరు, నేను తప్ప. వారం దాకా కొందరు ఊడ్చే పని ఉందేమోనని వచ్చారు. తర్వాత రావడం మానేశారు. మిరపకాయ కోతకు వీపనగండ్ల పోయిన వాళ్లున్నారు, పత్తి విత్తనాల పనికి ఇటిక్యాల వైపు పోయిన వాళ్లున్నారు. ఎవరు ఎక్కడున్నారో ఆ లెక్క మా సంఘంలో ఎవరి దగ్గరా లేదు.

నా చదువు కూడా ఆగిపోయింది. కోపంతోనో పశ్చాత్తాపంతోనో మానేశానంటే గొప్పగా ఉండేది. అదేం కాదు, సమయం లేదు. యంత్రం ఆగకుండా పోస్తూనే ఉంటుంది, హమాలీలు నింపుతూనే ఉంటారు, నేను తూస్తూనే ఉంటాను. వేలానికీ కాంటాకూ మధ్య ఇప్పుడు ఒక బీడీ కాల్చేంత ఖాళీ కూడా లేదు. ఆ ఖాళీ ఆడవాళ్లదని, వాళ్లు పోతే అదీ పోతుందని ఒక్కరికీ తట్టలేదు. ఒక హమాలీ ఆ మధ్య చెమట తుడుచుకుంటూ, బస్తాల కథ ఎంత మంచిగుండె అన్నాడు. అప్పటికే ఇంకో బస్తా నిండింది.

మొన్న ఎండాకాలంలో వనపర్తి బస్టాండులో ఆమె కనబడింది. పక్కన ఒక మూట, ప్లాస్టిక్ బకెట్. హైదరాబాదులో ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోమే పని దొరికిందట, అక్కడే ఉండాలట. ఆరోగ్యం అడిగాను, కూతుళ్లను అడిగాను.

“సదువుతున్నవా అన్నా?”

“లేదు చెల్లె. టైం దొర్కుతలేదు.”

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. “మంచిదే అయింది. నువ్ సదువుతుంటే మాకు గూడ ఏదో అయితదనిపిస్తుండె. ఇనకపోతే అడగకపోతుంటిమి. అడగకపోతే గింత బాధ గూడ లేకుండె.”

బస్సు వచ్చింది. ఫుట్‌బోర్డు దాకా జనం. ఆమె మూట నెత్తిన పెట్టుకుంది, బకెట్ నేను అందించాను. ఎవరో లోపలి నుంచి అందుకున్నారు. ఆమె ఒక కాలు పెట్టి, చోటు కోసం భుజంతో నెట్టుకుంటూ ఎక్కింది. తలుపు పడలేదు. డ్రైవరు అలాగే పోనిచ్చాడు.